పైడయ్య పేరున నేను వేసిన కేక

ఒక మనిషి పేరు పట్టుకుని వీధి వీధీ తిరిగి దొంగ అని కేక వేశాను. వేస్తున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. జర్మనీ యుద్ధం ముగిసిన కొత్తలో జరిగిన సంగతి ఇది. అప్పటి నుంచి ఆ బరువు మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమేనేమో. బరువు మోసేవాళ్ళను నేను రోజూ చూస్తాను. రంగూనులోని పజుండాం ధాన్యపు మిల్లుల రేవులో, బియ్యపు బస్తా వీపున వేసుకుని, వంగే పలక మీద నడిచి పడవలోకి దిగే మా కోస్తా కూలీలు మోసేది బరువు. నేను మోయలేదు. దాచాను. రెండింటికీ చాలా తేడా ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నా నాలుక పాత పనే చేస్తుంది, నన్ను కాపాడే చక్కని మాటలు వెతుకుతుంది. చక్కని మాటలు నాకు బాగా వచ్చు. నేను బడిలో చదివింది తక్కువ. మిల్లులో లెక్కల పని ముగించుకుని, రంగూనులో ఒక ఉచిత పఠనమందిరానికి వెళ్ళి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కొక్క ఇంగ్లీషు వాక్యాన్నీ కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే నా చదువంతా. ఎవరి దయా లేకుండా నేర్చుకున్నాను. దాని గురించి నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది. ఇంత చేసిన గర్వం ఇంకా పోలేదు. ఏం చేయను?

మా వాళ్ళకు ఇక్కడ ఒక సంఘం ఉంది. రేవు గస్తీ సంఘం అంటారు. రంగూను ఇంకా ఊరు కాని రోజుల్లో, మా కోస్తా తెరచాప ఓడలు నదికి ఆవల తన్లిన్ రేవులో లంగరు వేసేవట. చిన్న పడవల మీద వచ్చి తాళ్ళు కోసి సరుకు ఎత్తుకుపోయే దొంగలుండేవారట. వాళ్ళను పట్టడానికి ఓడలు నడిపే సరంగులందరూ కలిసి వంతుల వారీగా కాపలా పెట్టుకున్నారట. అదే సంఘం. రెండు వందల ఏళ్ళ నాటిదని పెద్దలు చెబుతారు. తరవాత ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, రంగూను కట్టారు, పోలీసులు వచ్చారు, వీధుల్లో దీపాలు వచ్చాయి. గస్తీ అక్కర్లేకపోయింది. సంఘం మాత్రం నదిని దాటి ఇటు వచ్చి, ఒక మేడ గది చూసుకుని కూర్చుంది. అప్పటి నుంచి అక్కడ జరిగేది పేకాట, చదరంగం, వంట. ఏడాదికొకసారి విందు. కోట్లు తొడుక్కుని తలపాగాలు చుట్టుకుని అందరూ వరుసగా నిలబడి తీయించుకునే ఫోటో. మా సభ్యుల్లో ముప్పాతిక మంది మేస్త్రీలు. ఓడ రేవులోనూ మిల్లుల్లోనూ ఏ కూలీకి పని దొరకాలన్నా వాళ్ళ నోటి మాట మీదే దొరకాలి. ఈ మాట మరచిపోకండి. పేకాడుకునే సంఘం కదా అని నవ్వుకుంటున్నారేమో, నేనూ అలాగే నవ్వుకునేవాణ్ణి.

పాత రోజుల శిక్ష ఒకటి మా సంఘంలో మిగిలింది. కేక. దొంగను పట్టుకుంటే కొట్టడం, కట్టి పడవేయడం ఉండేది కాదట. తాడు కట్టి, గంట కొడుతూ, మనవాళ్ళు ఉండే ప్రతి చోటికీ నడిపించి, వాడి పేరూ ఊరూ చెప్పి కేక వేసేవారు. "వీడికి నీడ ఇవ్వొద్దు! నిప్పు ఇవ్వొద్దు! నావ ఎక్కించొద్దు!" విన్నవాళ్ళందరూ "ఇవ్వం! ఇవ్వం!" అని బదులు చెప్పాలి. అంతటితో వాడు ఈ గడ్డ మీద ఒంటరివాడు. సముద్రం ఇవతల, మనవాడు అనే మాట తప్ప ఇంకేమీ లేని కూలీకి అంతకంటే పెద్ద శిక్ష ఏముంది?

అది కాలం గడిచి ఆట అయింది. విందు రోజున సభ్యుల్లో ఒకణ్ణి దొంగగా ఎంచుతారు. ఓడ తాడు వదులుగా చుట్టి, కూలీలు కాపురముండే బారకాసుల చుట్టూ తిప్పి, కేక వేస్తారు. జనం ఇవ్వం ఇవ్వం అని అరిచి నవ్వి, వాడి మీద పేలాలు చల్లుతారు. మేడకు తిరిగి వచ్చాక తాడు విప్పి, మొదటి విస్తరి వాడికే వేస్తారు. ఆ వేషం కోసం పెద్ద పెద్ద మేస్త్రీలు పోటీ పడేవారు. ఆ విస్తరి దక్కినవాడికి ఏడాది పొడుగునా మర్యాద.

నేను ఆ సంఘానికి కార్యదర్శిని. చదివినవాణ్ణని చేర్చుకున్నారు. అధ్యక్షుడు సన్యాసయ్య మేస్త్రీ నన్ను లైబ్రరీ పంతులు అని పిలిచేవాడు. అందులో సగం ఎగతాళి, సగం మెప్పు. విందు రోజున సంఘం చరిత్ర మీద ఉపన్యాసం నాది. ఆ ఉపన్యాసం గురించి ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. పఠనమందిరంలో ఒక ఇంగ్లీషు పుస్తకంలో, వాళ్ళ దేశపు పల్లెల్లోనూ దొంగలను పట్టడానికి ఇలాంటి సంఘాలే ఉండేవనీ, ఇప్పుడవి విందులు చేసుకుంటూ బతుకుతున్నాయనీ చదివాను. పొంగిపోయాను. మనమూ దొరలూ ఒకటే అన్నట్టు అనిపించింది. ఆ పుస్తకంలోని నియమాలు కొన్ని తెచ్చి, ఇవి మన సరంగులు పెట్టినవే అన్నట్టుగా నా ఉపన్యాసంలో కలిపాను. పట్టుబడినవాడితో సంఘంవారు వాదించకూడదు, ప్రశ్నించకూడదు, నోరు మెదపకుండా నడిపించుకు పోవాలి అనేది వాటిలో ఒకటి. వినడానికి ఎంత గంభీరంగా ఉంది! ఆ నియమానికి పుస్తకంలో రెండో సగం ఉంది. ప్రశ్నించకుండా న్యాయాధికారి ముందు నిలబెట్టాలి, ప్రశ్నించడం ఆయన పని అని. ఆ సగం నేను తేలేదు. వాక్యం పొడుగైపోతుందని వదిలేశాను.

ఇక గంట సంగతి. పళ్ళెంలా గుండ్రంగా ఉండే కంచు గంట ఒకటి సంఘంలో ఉండేది. తన్లిన్ రేవులో మొట్టమొదటి సరంగులు కొట్టిన గంట అదేనని అందరూ నమ్మేవారు. ఏటా పసుపు, కుంకుమ, నూనె పూసి పూసి, పెచ్చులు కట్టి, అడుగున ఉన్న లోహం కనబడేదే కాదు. కడగకూడదని ఆచారం. విందు రోజున కొట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళం.

పఠనమందిరంలో సహాయకుడిగా పనిచేసే తమిళ పెద్దమనిషి ఒకాయన నాకు పుస్తకాలు వెతికి పెట్టేవాడు. నా గొప్పలన్నీ ఓపికగా వినేవాడు. ఒకసారి మాత్రం, ఆ గంట అంత పాతదని మీకెలా తెలుసు అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. విందు ఇంకో వారంలో ఉందనగా, ఎవరికీ చెప్పకుండా గంటను పెట్టెలోంచి తీసి, సంచిలో పెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూసి నోరు మూసుకోవాలి అనుకున్నాను. దాని గురించి ఇంగ్లీషు పత్రికకు వ్యాసం రాస్తానని అప్పటికే మేస్త్రీలందరికీ చెప్పి ఉన్నాను కూడా.

ఆయన తడిగుడ్డ తీసుకుని అంచు దగ్గర కొంచెం రుద్దాడు. ఇంకొంచెం రుద్దాడు. పెచ్చు ఊడి, అర్ధచంద్రంలా ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఒక కార్ఖానా పేరు, దాని కింద వాళ్ళ దేశంలోని ఒక ఊరి పేరు. ఇలాంటివి బడులకూ రైలు స్టేషన్లకూ తెప్పిస్తారండీ అన్నాడు. నవ్వలేదు. గుడ్డ మడిచి పక్కన పెట్టి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

అసలు గంట ఒకటి ఎప్పుడైనా ఉండేదా? ఉంటే, దాన్ని ఏ పెద్దమనిషి ఏ రోజు అమ్ముకుని, బజారులో దొరికే గంటకు కుంకుమ పూసి పెట్టాడు? దొంగలను పట్టే సంఘంలో ఆ దొంగను ఎవరు పట్టాలి? ఈ ప్రశ్నలు నాకు ఆ రోజే వచ్చాయి. మంచి ప్రశ్నలు. సంఘంలో అందరి ముందూ నిలబడి అడగవలసినవి. కానీ ఆ గంట పాతదని ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు ఇచ్చింది నేను. అందరూ నా వైపు తిరిగి, పంతులూ నీ చదువు ఇదేనా అని నవ్వుతారు. ఆ నవ్వు నా చెవుల్లో ముందే వినబడింది. అక్షరాలు బయటపడ్డ గంటను మళ్ళీ పెట్టెలో పెట్టలేను. పజుండాం క్రీకు అనే నదీపాయ దాటడానికి చిన్న పడవ ఎక్కాను. పడవవాడు అటు తిరిగి తెడ్డు వేస్తుండగా సంచి నీళ్ళలోకి వదిలేశాను. పట్టపగలు. చప్పుడు కూడా కాలేదు.

అక్కడితో ఆగి ఉంటే అది నా వెర్రి. ఆగలేదు.

పైడయ్య గురించి చెప్పాలి. భీమునిపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె అతనిది. రేవులో పనిచేస్తూ ఓడ కడుపులోకి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. బస్తా మోయలేడు. సన్యాసయ్య మేస్త్రీ అతణ్ణి సంఘం మేడకు కాపలాగా పెట్టాడు. ఊడ్చేవాడు, దీపాలు తుడిచేవాడు, విందు రోజున వంట గుండిగల దగ్గర ఉండేవాడు. మేడ వెనక వరండాలో అతని కాపురం. భార్య మా త్వే బర్మా మనిషి. గేటు పక్కన కూర్చుని శనగ గారెలు వేసి అమ్మేది. ఆమె తెలుగు మాట్లాడితే అతను బర్మా మాటల్లో బదులిచ్చేవాడు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి వచ్చునని గొప్ప చూపించుకుంటున్నట్టు ఉండేది.

విందు రోజు పొద్దున పెట్టె తెరిచారు. గంట లేదు. గదిలో ఉన్న మేస్త్రీలందరి మొహాలూ నాకు గుర్తే. బాధ కాదు ఆ మొహాల్లో ఉన్నది. మీరు నమ్మండి, ఉత్సాహం! ఎన్నో తరాలుగా ఒక్క దొంగను కూడా పట్టని సంఘానికి ఇంట్లోనే దొంగతనం జరిగింది. ముక్కలు చేతుల్లో పట్టుకున్న పేకాటరాయుళ్ళు ఒక్కసారిగా సరంగులైపోయారు.

"పంతులూ, పెట్టె తాళంచెవి ఎవుల కాడ ఉంటాది?" అని అడిగాడు సన్యాసయ్య మేస్త్రీ.

"నా దగ్గర ఒకటి. పైడయ్య దగ్గర ఒకటి," అన్నాను.

ఇంతే అన్నాను. ఇందులో అబద్ధం ఉందా? లేదు. ప్రతి అక్షరమూ నిజం. నిజం చెప్పి ఒక మనిషిని ముంచవచ్చునని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ గదిలో నేర్చుకున్నాను. నా వైపు ఎవరూ చూడలేదు. కోటు తొడుక్కున్నవాడి వైపు ఎందుకు చూస్తారు? పెళ్ళాం బర్మాది కదా, వాళ్ళ కంచరివాళ్ళకు అమ్మించేసి ఉంటుంది అన్నాడొకడు. పిలిచి అడుగుదాం అన్నాడు ఇంకొకడు. అడగకూడదు, పంతులు ఏటా చెబుతూనే ఉన్నాడు కదా, మన నియమం అది కాదు అన్నాడు సన్యాసయ్య. అందరూ నా వైపు చూసి తలలూపారు. నేను కూడా ఊపాను.

తాడు పట్టుకుని కిందికి దిగాం. పైడయ్య గుండిగ దగ్గర చెమటతో ఉన్నాడు. మమ్మల్నీ తాడునూ చూశాడు. అతని మొహం విప్పారింది.

ఈ మాట ఎలా రాయాలో తెలియక ఇన్నేళ్ళూ కలం పట్టలేదు. ఆ ఏడు దొంగ వేషం తనకిచ్చారనుకున్నాడు. ఏళ్ళ తరబడి గేటు దగ్గర నిలబడి చూసినవాడు. మేస్త్రీలకు తప్ప దక్కని వేషం. "ఉండండి బాబూ, ఉండండి!" అని కుంటుకుంటూ వరండాలోకి పోయి, ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. చేతులు తనే ముందుకు చాపాడు. మా త్వే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గంట కనబడక అటూ ఇటూ చూసి, "గెంట నేకపోతే ఏటి బాబూ, గుండిగ మూత నేదా?" అని తనే మూత చూపించాడు. ఎవరో ఆ మూతే తీసుకున్నారు. దాన్నే గరిటెతో కొట్టుకుంటూ బయల్దేరాం.

కేక వేయవలసింది నేను. కార్యదర్శిది ఆ పని. నా గొంతు బాగుంటుందని పేరు.

మొదటి బారకాసు దగ్గర జనం ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చారు. "ఓరి పైడయ్యా! ఈ యేడు దొంగోడివి నువ్వేట్రా! ఏటి దొంగిలించినావు, ఓడా?" అని ఒకడు. "ఓడైతే ఈలా కుంటుకుంటా నడుత్తాడేటి, ఎక్కి ఎలిపోడూ!" అని ఇంకొకడు. నవ్వులే నవ్వులు. పైడయ్య కూడా నవ్వుతున్నాడు. నేను అతని పేరూ ఊరూ చెప్పి కేక వేశాను. "దొంగ! నీడ ఇవ్వొద్దు! నిప్పు ఇవ్వొద్దు! నావ ఎక్కించొద్దు!" ఇవ్వం, ఇవ్వం అని గోల. పేలాలు చల్లారు. అప్పుడు సన్యాసయ్య మేస్త్రీ చెయ్యెత్తి, "నవ్వు సాలు. ఇది ఆట కాదు. సంఘం గెంట పోయింది. ఈడే," అన్నాడు.

అంతా ఆగిపోయింది. ఒకడి పిడికిట్లో పేలాలు అలాగే ఉండిపోయాయి.

పైడయ్య నవ్వు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఇది కూడా వేషంలో భాగమేమో అని మొహాలు చూస్తున్నాడు. రెండో బారకాసుకు నడుస్తుండగా నా పక్కకు వచ్చి, మెల్లగా అడిగాడు.

"బాబూ, ఇది నిజమేటి?"

నేను ముందుకే చూస్తూ నడిచాను.

"నాను తియ్యనేదు బాబూ. తాళంచెవి గూట్లోనే ఉంది, సూపిత్తాను. మీరొకపాలి సెప్పీండి. మీరు సదూకున్నోరు. మీరు సెప్తే ఇంటారు."

నేను అడుగు వేగం పెంచాను.

"నాకోసం ఒట్టెయ్యక్కర్నేదు. తెల్దనైనా సెప్పీండి బాబూ. ఈడు తీసినాడో నేదో నాకు తెల్దని. అంతే."

అంతే. అతను అడిగింది అంతే. నిజం కూడా అడగలేదు. తెలియదు అనమన్నాడు. ఆ చిన్న అబద్ధంతోనైనా అతను బతికిపోయేవాడు. "నియమం ప్రకారం నేను నీతో మాట్లాడకూడదు పైడయ్యా," అన్నాను. ఆ మాట నా నోటితో అన్నాను! నేనే తెచ్చిపెట్టిన నియమం, అదీ సగం. అని, బారకాసు గేటు దగ్గర నిలబడి మళ్ళీ కేక వేశాను. మొదటి దాని కంటే గట్టిగా వేశాను. ఎందుకు? అతని మాట ఇంకెవరికీ వినబడకూడదనా? నన్ను నేను నమ్మించుకోవడానికా? ఏళ్ళుగా అడుగుతున్నాను. ఏ జవాబు చెప్పుకున్నా దాని వెనక ఇంకొకటి ఉంటుంది, అన్నిటికంటే అడుగున ఉన్నది చాలా నీచమైనది: నా గొంతు ఆ రోజు చాలా బాగా పలికింది, అది నాకు నచ్చింది.

అన్ని బారకాసులూ తిరిగాం. చివరికి వచ్చేసరికి అతను తలెత్తలేదు. ఉతికిన చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. మేడకు తిరిగొచ్చి తాడు విప్పి గేటు బయట వదిలేశారు. మా త్వే గారెల మూకుడు దించి, పొయ్యి మీద నీళ్ళు పోసింది. మేము పైకి వెళ్ళి భోజనం చేశాం. అతను వండిన అన్నమే తిన్నాం. ఫోటో కూడా తీయించుకున్నాం. ఆ ఫోటోలో నేను రెండో వరుసలో నవ్వుతున్నాను.

ఆ తరవాత ఏమైందో మీరు ఊహించగలరు. ఏ మేస్త్రీ పని ఇవ్వలేదు. కుంటివాడు చేయగల చిన్న పని కూడా ఇవ్వలేదు. మనవాళ్ళ కాఫీ కొట్లో చుట్ట అంటించుకోవడానికి నిప్పు అడిగితే కొట్టువాడు మొహం తిప్పుకున్నాడట. తన్లిన్‌లో నూనె శుద్ధి చేసే కార్ఖానాకు వెళ్ళి అడిగాడట. అక్కడి మేస్త్రీ కూడా మా సంఘంలోవాడే. భార్య పుట్టింటివాళ్ళు ఊరి చివర తామ్వే పేటలో ఉంటే అక్కడికి చేరారు. పోలీసులకు ఎవరూ చెప్పలేదు. చెబితే విచారణ జరిగేది. విచారణ ఎవరికి కావాలి? దొంగ కావాలి, దొరికాడు. విందుకొచ్చిన ప్రతివాడికీ సన్యాసయ్య ఆ కథ చెప్పేవాడు. మేడ గోడ మీద చెక్క పలకకు రంగు వేయించి, గస్తీ సంఘం నేటికీ మేల్కొనే ఉంది అని బంగారు అక్షరాలతో రాయించారు. ఆ వాక్యం కూర్చింది నేనే. అడిగారు, ఇచ్చాను.

కోపం ఎవరి మీద అని మీరు అడగవచ్చు. అందరి మీదా. చేతిలో వందల మంది కూలీల తిండి పెట్టుకుని దాన్ని పేకముక్కల్లా ఆడే మేస్త్రీల మీద. నిన్నటిదాకా అతనితో నవ్విన బారకాసుల జనం మీద. వాళ్ళు భయస్తులు, వాళ్ళ తిండి ఆ మేస్త్రీల చేతుల్లోనే ఉంది, తెలుసు, అయినా కోపమే. ఇన్నాళ్ళూ నిజమైన దొంగ ఆ సంఘం మేడలోనే భోజనం చేస్తున్నాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఉన్నవాడి మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. అయితే నా మీద నాకున్న కోపాన్ని నేను నమ్మను. అది కూడా ఒక ఉపన్యాసంలాగే ఉంటుంది.

ఈ మధ్యనే సన్యాసయ్య మేస్త్రీ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. కార్ఖానా పేరు, క్రీకు, అన్నీ. ఆయన ముసలివాడయ్యాడు. అంతా విని పేక కలపడం ఆపలేదు.

"ఇప్పుడేటి సెయ్యమంటావు పంతులూ? ఆ పలక దింపీమంటావా? సంఘం పరువేటవుద్ది? గెంట ఉత్తిదని ఊరంతా సెప్పుకోమంటావా? ఊరుకో. ముక్కలెయ్యి."

నేను ముక్కలు ముట్టుకోలేదు. లేచి వచ్చేశాను. దాన్ని కూడా ధైర్యం అనుకున్నాను కాసేపు.

తరవాత తామ్వే వెళ్ళాను. మా త్వే బజారులో ఉంది. పైడయ్య ఇంటి ముందు వెదురు బుట్టలు అల్లుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. చెబుతున్నంతసేపూ చేతిలోని వెదురు బద్ద అటూ ఇటూ తిప్పాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే పడేవాణ్ణి. చివరికి ఒకటే అన్నాడు.

"ఇక్కడికొచ్చి నాకు సెప్తే ఏటి లాభం బాబూ? నాను తియ్యనేదని నాకు తెల్దేటి? ఆల్లకి సెప్పు."

ఆల్లు ఎవరు? నేను బారకాసులకు వెళ్ళాను. నిజంగానే వెళ్ళాను. గేటు దగ్గర నిలబడి పైడయ్య అని అడిగితే ఒక్కరికీ తెలియదు. మా కూలీలు ఇక్కడ పాతుకుపోరు. కొన్నేళ్ళు పనిచేసి ఓడ ఎక్కి ఊళ్ళకు పోతారు, వాళ్ళ చోట్లో కొత్తవాళ్ళు దిగుతారు. ఆ రోజు ఇవ్వం ఇవ్వం అన్నవాళ్ళందరూ నా కేకను తీసుకుని సముద్రం దాటి వెళ్ళిపోయారు. పేరుతో పాటు ఊరి పేరు కూడా చెప్పాను కదా. ఆ పల్లెకు చేరింది. పైడయ్య అన్న, తమ్ముడి వల్ల తలెత్తుకోలేకపోతున్నామనీ, ఇటు రావద్దనీ కబురు పంపాడని తామ్వేలో పక్కింటివాళ్ళు చెప్పారు. పైడయ్య చెప్పలేదు. అతను ఆ తరవాత ఒక్కసారి కూడా ఊరికి వెళ్ళలేదట.

నా గొంతు అంత దూరం పోదు. అచ్చు కాగితం పోతుంది. పత్రిక మీ ఊరికి వస్తుందేమో, కాఫీ కొట్లోనో రచ్చబండ మీదో ఎవరైనా పైకి చదువుతారేమో అని రాస్తున్నాను. భీమునిపట్నం వైపు ఎవరైనా ఉంటే వినండి. రంగూను రేవులో కాలు విరిగిన పైడయ్య ఏమీ దొంగిలించలేదు. గంటను తీసి నీళ్ళలో పడేసింది ఆ సంఘం కార్యదర్శి. అబద్ధమని తెలిసే కేక వేశాడు.

ఇంత రాసి, కింద నా పేరు పెట్టాలని కలం ఆనించాను. పెట్టలేదు. ఇక్కడివాళ్ళు పోల్చుకున్నా, పేరు లేకపోతే నేను కాదని బొంకవచ్చు. నేను పనిచేసే మిల్లుకు కూలీలను తెచ్చేది ఆ మేస్త్రీలే. నా ఉద్యోగం, నా అద్దె ఇల్లు, నన్ను పంతులని పిలిచే నలుగురు, అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. ఆనాడు నా పేరు దాచుకుని అతని పేరు వీధిలో పెట్టాను. ఈనాడు మళ్ళీ అదే చేస్తున్నాను, అతనికి మేలు చేస్తున్నానని చెప్పుకుంటూ. ఇది నాకు కనబడుతూనే ఉంది. కనబడినా చెయ్యి ముందుకు పోవడం లేదు. నన్ను మంచివాడనుకోకండి. దయ ఉంటే తామ్వే వైపు చూపించండి, నా వైపు వద్దు.

అయినా ఒకటి దాచకుండా చెబుతాను, ఇది కూడా దాస్తే ఇంత రాసీ లాభం లేదు. గంటను తీసి నీళ్ళలో పడేసింది కార్యదర్శి అనే వాక్యం రాసి, సిరా ఆరేదాకా చూశాను. తరవాత తేలికైంది. ఏళ్ళుగా లేని తేలిక. దానికి నాకు హక్కు లేదు. కానీ కాసేపటి నుంచి ఊపిరి బాగా ఆడుతోంది.